దుకాణంలో నాయిన అనని మాట

మా పై వాటా వాళ్లు తలుపులకు పాలిష్ పెట్టిస్తున్నారు. పొద్దున వంటింటి కిటికీలోంచి టర్పెంటైన్ వాసన గుప్పున కొట్టింది. ఈ కాలపు రంగులకు వాసనే ఉండదు, పొద్దున గోడకు వేస్తే రాత్రికి అదే గదిలో పడుకోవచ్చు, అందుకే ఆ ఘాటు ముక్కుకు తగిలి ఎన్నేళ్లయిందో కూడా గుర్తు లేదు. తోముతున్న గిన్నె తొట్టిలోనే వదిలేసి, మోకాళ్లు గోల పెడుతున్నా, కిటికీ ఊచలు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.

నా బాల్యమంతా ఆ వాసనలోనే గడిచింది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మా నాయినకు హార్డ్‌వేర్ దుకాణం ఉండేది. దుకాణమంటే ఇప్పటివాళ్లు ఏమేమో ఊహించుకుంటారు గాని, అది రెండు తలుపుల వెడల్పు, రైలు పెట్టె పొడుగు ఉన్న ఒక చీకటి గది. ముందు భాగంలో గోనెసంచుల్లో రకరకాల మొలలు, పక్కన చుట్టలు చుట్టిన తీగ, పైన దూలానికి వేలాడే బకెట్లు, నల్లా పైపులు, వెనక గోడ నిండా చెక్క సొరుగులు, ఏ సొరుగులో ఏముందో తెలియడానికి దాని మొహాన బిగించిన ఒక్కొక్క నమూనా, మధ్యలో అడ్డంగా టేకు బల్ల, ఆ బల్ల వెనక స్టూలు మీద నాయిన. అవిసె నూనె, సుద్ద కలిపి తొక్కిన పుట్టీ వాసన, తుప్పు వాసన, కొత్త తాడు వాసన, వీటన్నిటి మీద టర్పెంటైన్. నా యూనిఫారానికి కూడా అదే వాసన పట్టి, క్లాసులో నా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు.

దుకాణంలోకి కాలాలు ముందుగానే వచ్చేవి. ఎండలు ముదరకముందే కూలర్ల గడ్డి దిగేది, దాన్ని తడిపి వాసన చూడడం మాకు పండగ. వానలు ఇంకా మబ్బుల్లో ఉండగానే నీలం పట్టాలు, రేకులకు పూసే తారు డబ్బాలు వచ్చేవి. వినాయకుడి మండపాలు కట్టే పిల్లలు మొలల కోసం ఎగబడేవాళ్లు. దసరాకు నెల ముందు నుంచి సున్నం, బ్రష్షులు, రంగుల డబ్బాలు తప్ప మనిషి నిలబడే జాగా ఉండేది కాదు. బతుకమ్మ నాళ్లలో అమ్మ సత్తుపిండి, మలీద ముద్దలు డబ్బాలో పెట్టి దుకాణానికి పంపేది, నాయిన నూనె చేతులు లుంగీకి తుడుచుకుని తినేవాడు, ఆ ముద్దలకు కూడా టర్పెంటైన్ వాసన వచ్చేదని ఇప్పుడంటే అమ్మ ఉండి ఉంటే కొట్టేది. సాయంత్రం దుకాణం కట్టేసే ముందు నేనూ, నా స్నేహితురాలు వాణీ దారానికి అయస్కాంతం కట్టి నేలంతా తిప్పేవాళ్లం. దుమ్ములోంచి మొలలు, చీలలు గబగబా లేచి దానికి అతుక్కునేవి. ఎవరి గుత్తి పెద్దదైతే వాళ్లు గెలిచినట్టు.

వాణి వాళ్లది అశోక్‌నగర్‌లో కిరాయి ఇల్లు. కృష్ణా జిల్లా నుంచి వచ్చారు, వాళ్ల నాన్నగారికి బషీర్‌బాగ్‌లో ఆఫీసు. వాళ్లమ్మ రాజ్యలక్ష్మి గారు మొదటిసారి మా దుకాణానికి వచ్చి, "అన్నయ్యగారూ, కుళాయి కారిపోతోందండీ" అంటే నాయినకు సగమే అర్థమైంది. "నల్లానా చెల్లె?" అన్నాడు. అంతే, ఆ పూట నుంచి ఆమెకు ఆయన అన్నయ్యగారు, ఆయనకు ఆమె చెల్లె. నాయినకు తోడబుట్టిన ఆడపిల్లలు లేరు. రాఖీ పున్నమి రోజు ఊరంతా చేతులు నింపుకుని తిరుగుతుంటే ఈయన పొడుగు చేతుల చొక్కా వేసుకుని కూర్చునేవాడట, అమ్మ ఎగతాళి చేసేది. వాళ్ల వైపు రాఖీ కట్టే అలవాటు లేకపోయినా రాజ్యలక్ష్మి గారు ఇక్కడికొచ్చాక నేర్చుకుని, ఏటేటా మా ఇంటికి వచ్చి కట్టేది. నేను ఆమెను అత్తమ్మా అనేదాన్ని, వాణి మా నాయినను మావయ్యగారూ అనేది. వాళ్లింటి పూర్ణం బూరెలు మాకు, మా ఇంటి సర్వపిండి వాళ్లకు, గిన్నెలు ఎవరివో ఎవరికీ గుర్తుండేది కాదు.

ఇక దొంగతనాల సంగతి. హార్డ్‌వేర్ దుకాణంలో వస్తువులన్నీ చిన్నవి, జేబులో పడితే కనిపించవు. కబ్జాలు, అంటే తలుపు మడత బందులు, ఇత్తడి గడియలు, తాళాలు, నల్లా తలకాయలు. బేరాలు కిక్కిరిసిన పూట ఏదో ఒకటి మాయమయ్యేది. పక్క గల్లీలో ఒక దుకాణం వాళ్లు ఒకసారి ఇలాగే దొరికినవాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేశారు. వాడి చిన్న కూతురు వచ్చి ఆ కట్లు విప్పబోతుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది చూసి వచ్చిన నాయిన ఆ పూట అన్నం ముట్టలేదు.

"దొంగ అని ఒక్కపారి అన్నమంటె ఆ మాట ఆని ఇంటిదాక పోతది బిడ్డా. ఆని పిల్లలు గూడ మొయ్యాలె" అన్నాడు నాతో.

అప్పుడు కనిపెట్టాడు తన పద్ధతి. ఎవరైనా కబ్జా జతను సంచిలోకి జారవిడిచారనుకోండి, నాయిన చూడనట్టే సొరుగు లాగి, దానికి సరిపడా స్క్రూలు తీసి, పేపరు ముక్కలో పొట్లం కట్టి, ఆ మనిషి ముందు పెట్టేవాడు.

"అన్నా, స్క్రూలు మర్చిపోయినవ్ సూడు. గవి లేకుంటె కబ్జాలు ఆగయి."

ఆ మనిషి ఒక్క క్షణం బిగుసుకుపోయేవాడు. తర్వాత "అరె, అవ్ సేట్, పైసలు గూడ ఇయ్యలే సూడు" అని నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టేవాడు. లేదంటే వస్తువు తీసి బల్ల మీద పెట్టి "రేపు తీస్కపోత" అని వెళ్లిపోయేవాడు. కేకల్లేవు, కొట్లాట లేదు. అదే మనిషి మర్నాడు వచ్చి చాయ్ తాగి పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. అమ్మకు మాత్రం ఒళ్లు మండేది. "నీ మంచితనం సల్లగుండ! ఒక అద్దం పెట్టుర అయ్యా అంటె ఇనవు. రేపు తరాజు గూడ ఎత్కపోతరు" అనేది.

అయితే ఊళ్లో ఏ రహస్యం ఆగుతుంది? ఎదురింటి వడ్రంగులు, రంగులేసేవాళ్లు పొద్దంతా మా అరుగు మీదే కూర్చునేవాళ్లు. రెండు మూడుసార్లు చూసేసరికి వాళ్లకు సంగతి అర్థమైపోయింది. వాళ్ల నోటి నుంచి గల్లీకి, గల్లీ నుంచి నారాయణగూడ దాకా పాకింది. మా బడిలో ఎవరైనా పక్కవాళ్ల పెన్సిలు కొట్టేస్తే "స్క్రూలు మర్చిపోయినవ్" అని ఏడిపించేవాళ్లు. పరువు కాపాడడానికి నాయిన పెట్టుకున్న మాట, పరువు తీసే మాటైపోయింది. అది అందరికీ తెలిసింది, ఒక్క నాయినకు తప్ప. ఆయన తన పద్ధతి ఇంకా గుట్టుగానే ఉందనుకుంటూ, తృప్తిగా పొట్లాలు కడుతూనే ఉన్నాడు.

ఒక ఏడు శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు, సన్నగా వాన. బడికి సెలవు, నేను దుకాణంలోనే మెట్టు మీద కూర్చుని ఉన్నాను. అత్తమ్మ గొడుగు ముడిచి లోపలికి వచ్చింది. వాళ్ల పూజగది తలుపులకు రెండు ఇత్తడి గడియలుండేవి, మా దగ్గర కొన్నవే. పైది విరిగిపోయింది, దానికి జత కావాలి. వ్రతమంటే వాళ్లింట్లో ఇత్తడి వస్తువన్నది మిగలదు, కుందుల దగ్గర నుంచి వంటింటి బిందెల దాకా అన్నీ చింతపండుతో తోమి ఎండబెడతారు. ఆ ఊపులో కింది గడియను కూడా ఊడదీసి, తళతళలాడేలా తోమి, నమూనా కోసం సంచిలో వేసుకుని వచ్చింది. వచ్చీ రాగానే ఆ సంగతి చెప్పి ఉంటే సరిపోయేది. కాని దుకాణం నిండా జనం, నాయిన నిచ్చెన మీద ఉన్నాడు. "పూజగదికి ఇత్తడి గడియ చూపించండి అన్నయ్యగారూ" అని మాత్రం అంది. ఆయన సొరుగు మొత్తం లాగి గుప్పెడు గడియలు బల్ల మీద పోసి, "జర సూస్తుండు చెల్లె" అని మళ్లీ నిచ్చెన ఎక్కాడు. ఆమె తన గడియ తీసి ఒక్కొక్కదానితో పక్కపక్కన పెట్టి చూసింది. సరిపోయేది దొరికింది. దాన్ని బల్ల మీద విడిగా పెట్టి, తనది తిరిగి సంచిలో వేసుకుంటోంది. సరిగ్గా అప్పుడే నాయిన నిచ్చెన మీద నుంచి తిరిగి చూశాడు.

ఆయన కళ్లకు కనిపించింది ఒక్కటే, కొత్త ఇత్తడి గడియ ఒకటి సంచిలోకి వెళ్లడం. ఎవరి సంచో ఆలోచించే లోపే కాళ్లు నిచ్చెన దిగేశాయి, చేతులు సొరుగు లాగేశాయి, పొట్లం కట్టేశాయి. పరధ్యానంలో వేసుకుంది పాపం అనుకున్నాననీ, గుర్తు చేద్దామనుకున్నాననీ తర్వాత అమ్మతో చెప్పాడు. నిజమే కావచ్చు. నోరు మాత్రం అలవాటైన మాటే అంది.

"చెల్లె, స్క్రూలు మర్చిపోయినవ్ సూడు."

అరుగు మీది వడ్రంగి తల తిప్పాడు. బ్రష్షులు ఎంచుకుంటున్న ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవడో కిసుక్కున నవ్వాడు కూడా. అత్తమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. వాణి చెప్పగా ఆ మాటకు అర్థం ఆమెకు ఎప్పుడో తెలుసు, ఇంట్లో నవ్వుకున్నారు కూడా. ఆమె సంచిలోంచి గడియ తీసి, బల్ల మీద పొట్లం పక్కన పెట్టింది. వానలోకి వెళ్లిపోయింది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు. నేను వెనకాల పరిగెత్తాలనుకుని, మెట్టు మీదే ఉండిపోయాను.

నాయిన గడియను సొరుగులో వెయ్యబోయి ఆగాడు. తిప్పి చూశాడు. స్క్రూ కంతల అంచున వాళ్ల తలుపు ఆకుపచ్చ రంగు ఇంకా అంటుకునే ఉంది. సందులో చింతపండు పీచు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. స్టూలు మీద కూలబడి, "గిది మనది గాదు బిడ్డా" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆ పూట గిరాకీని బయటికి పంపించి, షట్టరు దించి, ఆమె గడియా, దాని జతా, స్క్రూ డ్రైవరూ పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని అశోక్‌నగర్ నడిచాడు.

వాళ్ల వసారాలో కడిగిన శనగలు ఆరబోసి ఉన్నాయి. లోపల నేతి వాసన. పూజగది తలుపు గాలికి కొట్టుకుంటోంది, రెండు గడియలూ లేవు మరి. వాణి తలుపు సందులోంచి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. అత్తమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, ఎప్పటిలాగే.

"తప్పయింది చెల్లె. నా కండ్లు మండ. నిన్ను గట్లెట్ల అనుకుంట?" అన్నాడు నాయిన.

"అయ్యో, మీరేమన్నారని అన్నయ్యగారూ?" అంది ఆమె. గ్లాసు అందుకుని, నెమ్మదిగా అంది: "దొంగ అని మొహం మీదే అనుంటే, కాదని దెబ్బలాడేదాన్నండీ. నలుగురి ముందూ గడియ చూపించేదాన్ని. మీరు అనలేదుగా. అనని మాటకి నేనేం జవాబు చెప్పుకోను?"

నాయిన లేచి రెండు గడియలూ బిగించాడు. వేసీ తీసీ చూశాడు. బయల్దేరుతుంటే ఆమె "చాలా థాంక్సండీ" అంది. ఇన్నేళ్లలో ఆమె నాయినకు థాంక్స్ చెప్పడం అదే మొదలు.

ఆ వారంలోనే రాఖీ పున్నమి వచ్చేసింది. వస్తుందా రాదా అని ఇంట్లో అందరికీ గుబులే, పైకి ఎవరమూ అనలేదు. నాయిన ఆ రోజు పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు, అది చూసి నాకే ఏడుపొచ్చింది. ఆమె వచ్చింది. ఇంటికి కాదు, దుకాణానికి. బల్ల ముందు నిలబడి, చేతిసంచిని బోర్లించి మొత్తం బల్ల మీద గుమ్మరించింది. పర్సు, చేతిగుడ్డ, తాళాలు, కుంకుమ పొట్లం, స్వీటు డబ్బా, రాఖీ.

"ముందు చూసేసుకోండి అన్నయ్యగారూ" అంది. నవ్వుతూనే అంది.

ఆ తర్వాత రాఖీ తీసి కట్టింది, నోట్లో మిఠాయి పెట్టింది.

అది ఆ ఒక్క రోజుతో పోలేదు. ఏ వస్తువు కోసం వచ్చినా, బల్ల ముందు నిలబడగానే మొదట సంచి బోర్లించడం, తర్వాతే మాట. గిన్నెలు మళ్లీ అటూ ఇటూ తిరిగాయి, వాణీ నేనూ మళ్లీ అయస్కాంతం తిప్పాం, ఏ పండగా తప్పలేదు. ఆ సంచి బోర్లించడమూ తప్పలేదు. అమ్మ ఓర్చుకోలేక, "గట్ల చెయ్యొద్దని చెప్పరాదు? సూడలేకపోతున్న" అంటే, నాయిన "చెయ్యనియ్యి. నేను మాట అనలే, ఆమె గూడ అంటలేదు. గంతే" అన్నాడు. పొట్లాలు కట్టడం మానేశాడు. ఎవడైనా ఏదైనా సంచిలో వేసుకుంటుంటే ముఖం అటు తిప్పుకునేవాడు. అది పసిగట్టి జనం ఇంకా రెచ్చిపోయారు. చివరికి అమ్మే మూలన గుండ్రటద్దం పెట్టించింది, ఆయన దానికి వీపు పెట్టి కూర్చునేవాడు. ఆఖరి ఏడు ఆయన మంచం పట్టి ఉంటే ఆమె ఇంటికే వచ్చి రాఖీ కట్టింది. దుకాణం అప్పటికే అమ్మేశాం, ఇంట్లో పట్టుకుపోవడానికి ఒక్క మొల కూడా లేదు. అయినా ఆ దుప్పటి మీద, ఆయన కాళ్ల దగ్గర, సంచి బోర్లించింది. నాయిన కళ్లు మూసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, కాని ఏమనను? ఆమెకు కూడా అప్పటికి జుట్టంతా నెరిసిపోయింది.

ఇప్పుడా మెయిన్ రోడ్డు మీద అలాంటి దుకాణం వెతికినా దొరకదు. మాది ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అశోక్‌నగర్ నిండా పోటీ పరీక్షల కోచింగులు, హాస్టళ్లు, పైన స్టీలు వంతెన. గడియ కావాలన్నా, మొల కావాలన్నా ఊరి చివర పెద్ద ఇంటి సామాన్ల స్టోరుకు పోవాలి. అరలు మనమే వెతుక్కోవాలి, ప్రతి మూలా కెమెరా, తాళాలకు, నల్లాలకు ప్లాస్టిక్ బిళ్లలు, దాటితే కుయ్యోమనే గేటు. పోయిన నెల అత్తమ్మ బాత్రూము గడియ ఊడిపోయిందని, తనకు ఆఫీసులో తీరిక లేదని వాణి నన్ను పొమ్మంది. తనూ వస్తానని అత్తమ్మ పట్టుబట్టింది. ఆ ముసలావిడను పట్టుకుని అంత పెద్ద స్టోరంతా తిరిగేసరికి నాకు ప్రాణం పోయింది.

బయటికొచ్చే గేటు దగ్గర సెక్యూరిటీ అమ్మాయి ఆపింది. "బ్యాగు సూపెట్టుండ్రి అమ్మమ్మా. అందరియి సూస్తం, మీదొక్కటే గాదు."

నేను అడ్డుపడేలోపే అత్తమ్మ సంచి తీసి ఆ బల్ల మీద బోర్లించింది. పర్సు, మాత్రల డబ్బా, కళ్లజోడు, అన్నీ దొర్లాయి.

"అయ్యో, గట్ల పొయ్యొద్దు అమ్మమ్మా! జిప్పు తీసి సూపిస్తె సాలు" అంటూ ఆ పిల్ల కంగారుగా అన్నీ ఏరి సంచిలో పెట్టి, బిల్లు మీద గీత గీసి, అప్పుడే వెనకాల వాళ్ల వైపు తిరిగింది.

ఆటోలో నారాయణగూడ దాటేదాకా అత్తమ్మ బయటికే చూస్తూ ఉంది. సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బాధపడిందేమోనని, "వాళ్లు అందరినీ అట్లనే అడుగుతరు అత్తమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నాను.

"ఆ పిల్ల అడిగితే నాకేమనిపిస్తుందే? ఎవరో ఏమిటో" అంది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ నాన్నగారి దగ్గర ఆ ఒక్క పండక్కే చేద్దామనుకున్నానే తల్లీ. ఉక్రోషం. మర్నాడు మానేస్తే, క్షమించేశానని అనుకుంటారేమోనని మళ్లీ చేశా. ఆ తర్వాత ఎలా ఆపాలో తెలియలేదు. మంచంలో ఉన్న మనిషి ముందు కూడా చేశానే! పోనీ, ఆయనైనా ఒక్కసారి నా చెయ్యి పట్టుకుని, చాలు చెల్లె అనొచ్చుగా."